జెర్రిపోతును పెంచుకోవచ్చా, తాబేలును తెచ్చుకోవచ్చా? చట్టం మాట, చేను మాట

ఎలుకల మీద పెట్టిన వీడియో చూశాక చాలామంది రైతు సోదరులు ఫోన్ చేశారు. సగం ఫోన్లలో ఒకటే ప్రశ్న. "జెర్రిపోతు ఉంటే ఎలుకల మందు అక్కర్లేదన్నారు కదండీ. పాములు పట్టే మనిషి దగ్గర రెండు కొనేసి ధాన్యం గోదాములో వదిలితే సరిపోద్దా?" ఒక చేపల చెరువు రైతు ఇంకోటి అడిగారు. "చెరువు ఎండగట్టినప్పుడు తాబేలు పిల్లలు దొరికాయండి, మా పిల్లలు ముచ్చటపడుతున్నారు, తొట్టిలో పెంచొచ్చా?" ఒక తమ్ముడైతే ఏకంగా "అన్నా, చైనాలో పాముల ఫారం వీడియో చూశా, మన దగ్గర పెడితే గిట్టుబాటవుద్దా?" అన్నాడు.

ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వీడియోలో చేను చూపించాను. చట్టం సంగతి మాటల్లో చెబితే గుర్తుండదు, అందుకని కాయితం మీద పెడుతున్నాను. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా, లా కాదు. కానీ ఈ చట్టంలో రైతు తెలుసుకోవాల్సినంత మేర మామూలు మనిషికి అర్థమయ్యేదే.

ముందు సూటిగా సమాధానం

మన చేలో, కాలవలో, దొడ్లో తిరిగే పామునిగానీ, తాబేలునిగానీ, ఉడుమునిగానీ పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం. "ఎక్కడికెళ్లి పర్మిషన్ తీసుకోవాలి?" అని అడుగుతున్నారు. పెంపకం కోసం ఇచ్చే పర్మిషనే లేదండి. రుసుము కట్టి తెచ్చుకునే కార్డు లాంటిదేమీ లేదు. విదేశీ జాతులకి మాత్రం రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంది, దాని సంగతి కింద రాశాను.

అదే జెర్రిపోతు మీ గట్టు మీద తనంతట తాను బతుకుతుంటే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాన్ని తెచ్చి పెట్టుకోవడానికీ, దాన్ని ఉండనివ్వడానికీ మధ్య ఉన్న తేడానే ఈ వ్యాసమంతా. ప్రకృతి వ్యవసాయం చేసే రైతుకి కావాల్సింది రెండోదే.

చట్టంలో అసలేముంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దానికి పెద్ద సవరణ చేశారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆరు షెడ్యూళ్లుండేవి, ఇప్పుడు నాలుగే. మొదటి షెడ్యూల్లో గట్టి రక్షణ ఉన్న జంతువులు, రెండో దాంట్లో అంతకంటే కొంచెం తక్కువ రక్షణ ఉన్నవి, మూడో దాంట్లో మొక్కలు, నాలుగో దాంట్లో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికొచ్చే జాతులు ఉంటాయి. కొండచిలువ, ఉడుము, నక్షత్ర తాబేలు, మన చెరువుల్లో బురదలో కనిపించే నీటి తాబేలు మొదటి షెడ్యూల్లోవే. తాచు, జెర్రిపోతు, నీరుకట్టె కూడా రక్షణ ఉన్న జాతులే. విషం లేదు కదా అని చట్టం ఏ పామునీ వదిలెయ్యలేదు.

రైతులు ఎక్కువగా పొరబడేది "వేట" అన్న మాట దగ్గర. వేట అంటే తుపాకీతో కాల్చడం అనుకుంటాం. చట్టం ప్రకారం పట్టడం, ఉచ్చు పెట్టడం, వల వెయ్యడం, తరమడం, ఎర వెయ్యడం అన్నీ వేటే. పాములు, తాబేళ్ల విషయంలో అయితే గుడ్లు పాడుచెయ్యడం, గుడ్లున్న చోటు కెలకడం కూడా వేట కిందికే వస్తుంది. కాబట్టి "నేను చంపలేదండీ, డ్రమ్ములో వేసి ఉంచానంతే" అన్న మాట అటవీ అధికారి ముందు చెల్లదు. డ్రమ్ములో వెయ్యడమే నేరం.

ఇంకో సెక్షన్ ఉంది, 39వది. చట్టానికి విరుద్ధంగా పట్టిన, పెంచిన, లేదా చచ్చి దొరికిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అలాంటిది ఏ కారణంగానైనా మీ చేతికొస్తే 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీసు స్టేషన్లోగానీ, అటవీ అధికారికిగానీ చెప్పాలి, అడిగితే అప్పగించాలి. తాబేలు పిల్లలు దొరికిన చేపల రైతు గారికి నేను చెప్పింది ఇదే. ఆయన ఆ సాయంత్రమే అటవీ సిబ్బందికి ఫోన్ చేశారు, వాళ్లొచ్చి తీసుకెళ్లారు. పిల్లలు ఏడ్చారట. ఏడిస్తే ఏడ్చారు లెండి, తండ్రి కోర్టు చుట్టూ తిరగడం కంటే అది నయం.

శిక్ష సంగతి. మొదటి షెడ్యూలు జంతువైతే తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఏడేళ్లు జైలు, జరిమానా 25,000 రూపాయలకి తగ్గదు. మిగతా ఉల్లంఘనలకి మూడేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. ఎకరం దాళ్వా మీద మిగిలేదెంతో మనందరికీ తెలుసు. తొట్టిలో తాబేలు ముచ్చటకి ఇది తగిన ఖరీదేనా?

ఒక మినహాయింపు ఉంది. ప్రాణం కాపాడుకోవడానికి, పక్కవాళ్ల ప్రాణం కాపాడటానికి, మంచి ఉద్దేశంతో చంపాల్సి వస్తే 11వ సెక్షన్ ప్రకారం నేరం కాదు. కానీ ఆ సమయానికి మీరే చట్టం తప్పి ఏదో చేస్తూ ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. పట్టబోతే మీదికొచ్చింది కాబట్టి చంపాను అంటే కుదరదన్నమాట.

ఇక ఎలుక. పాత చట్టంలో ఎలుకల్ని, చుంచుల్ని హానికర జంతువుల జాబితాలో రాశారు. ఇప్పుడా జాబితా తీసేశారు, కానీ ఎలుకలకి రక్షణ అయితే ఏమీ ఇవ్వలేదు. అంటే తాటాకు బుట్టతో పందికొక్కుని పట్టడం తప్పు కాదు, దాన్ని తినే జెర్రిపోతును పట్టడం తప్పు. ఆలోచిస్తే చట్టం మన పక్షానే ఉందనిపిస్తుంది నాకు.

తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందా?

ఈ నమ్మకం తాబేళ్ల కొంప ముంచింది. నక్షత్ర తాబేలు మన రాష్ట్రంలో మెట్ట ప్రాంతాల జీవి, ముఖ్యంగా రాయలసీమ వైపు. పొడి నేల, పొదలు, ఎండ దానికి కావాలి. దాన్ని తెచ్చి మన డెల్టా తేమలో, సిమెంటు గచ్చు మీద, నీళ్ల తొట్టిలో పెడితే అది బతకడానికి పడే అవస్థ మనకి కనపడదు. తాబేలు అరవదు కదా. అది మేత మానేసిన సంగతి మనకి అర్థమయ్యేసరికే ఆలస్యమైపోతుంది.

శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. కూర్మనాథుడి గుడి కాబట్టి అక్కడ నక్షత్ర తాబేళ్లని ఆవరణలోనే ఉంచి చూస్తారు. 2025లో అక్కడ తాబేళ్లు చనిపోవడం పెద్ద వార్తయింది. అంత పేరున్న గుడిలో, అంతమంది కళ్లెదుటే అలా జరిగినప్పుడు, మన పెరట్లో తాబేలు గతేంటో ఒక్కసారి ఆలోచించండి.

రెండో సంగతి వ్యాపారం. పెంపకానికి, మాంసానికి తాబేళ్ల దొంగ రవాణా పెద్ద ఎత్తున సాగుతోంది. కొల్లేరు, గోదావరి డెల్టా చెరువుల్లోంచి నీటి తాబేళ్లని గోతాల్లో కట్టి ఒడిశా వైపు తీసుకెళ్తుంటే చింతూరు దారిలో పట్టుబడిన సందర్భాలున్నాయి. 2023లో రెవెన్యూ ఇంటెలిజెన్స్ వాళ్లు నాగపూర్, భోపాల్, చెన్నైల్లో ఒకేసారి దాడి చేసి 955 తాబేలు పిల్లల్ని పట్టుకున్నారు, అవన్నీ గంగా తీరం జాతులు. ఇంట్లో పెట్టుకోవడానికి ఒక పిల్లని కొనే మనిషి ఉన్నంతకాలం గోతాం నింపే మనిషి ఉంటాడు.

మన నీటి తాబేలు చేలో ఏం చేస్తుందో కూడా చెప్పాలి. అది నత్తల్ని, పురుగుల్ని, చచ్చిన చేపల్ని తిని నీటిని శుభ్రం చేస్తుంది. ఎండాకాలం బురదలో కూరుకుపోయి, తొలకరికి బయటికొస్తుంది. కాలవ పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ పక్కన ఒక మనిషిని నిలబెడితే చాలు, బయటపడ్డ తాబేలు అటు పక్క నీళ్లలోకి జారిపోయేదాకా యంత్రం ఆపొచ్చు.

అక్వేరియం షాపుల్లో చెవి దగ్గర ఎర్ర చార ఉన్న పచ్చ తాబేలు పిల్లలు అమ్ముతుంటారు. అవి మన దేశం తాబేళ్లు కావు, అమెరికావి. అరచేతిలో పట్టే పిల్ల కొన్నేళ్లలో పళ్లెం అంత అవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు విసుగెత్తి, పుణ్యమని గుడి కోనేట్లోనో, మన బొబ్బర్లంక కాలవలోనో వదిలేస్తారు. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఈ తాబేలు ఉంది. మన తాబేళ్ల తిండి, చోటు రెండూ లాక్కుంటుంది. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే దయచేసి కాలవలో వదలకండి, అటవీ కార్యాలయంలో అడగండి.

దేవుడని కూడా ఉంచుకోకూడదు

2018 జూలైలో మన తూర్పు గోదావరిలోనే, గొల్లప్రోలు మండలం దుర్గాడలో జరిగింది గుర్తుందా? ఒక పొలంలో పాము కనపడింది. మనుషుల్ని చూసి పారిపోవడం లేదు కాబట్టి సుబ్రహ్మణ్యేశ్వర స్వామే వచ్చాడన్నారు. జనం రోజూ వచ్చి పూజలు చేశారు, పాలు పోశారు, టీవీ వాళ్లొచ్చారు. కొన్ని వారాలు ఆ జనం మధ్యనే ఉండి ఆ పాము చనిపోయింది.

ఎవరి భక్తినీ తక్కువ చెయ్యడం లేదండి. నాగులచవితికి మేం కూడా పుట్ట దగ్గరకి వెళ్తాం. కానీ పాముకి పాలు ఆహారం కాదు, దాహంతో అలమటిస్తే ఏ ద్రవమైనా తాగుతుంది. కదలకుండా ఒకచోట ఉన్న పాము చాలాసార్లు కుబుసం విడవబోతూనో, ఒంట్లో బాగోకో అలా ఉంటుంది. కుబుసం ముందు కళ్లు మసకబారతాయి, చూపు సరిగా ఆనదు. అప్పుడు దానికి కావాల్సింది నీడ, నిశ్శబ్దం. దండం దూరం నుంచి పెట్టుకుంటే చట్టానికీ అభ్యంతరం లేదు, పాముకీ మంచిది.

పాముల ఫారం పెడితే?

చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలోని ఒక ఊరు ఊరంతా పాముల్ని పెంచి బతికిన మాట నిజమే. ఆ వీడియోలే మన ఫోన్లలో తిరుగుతున్నాయి. మన దేశంలో అది కుదరదు. రక్షణ ఉన్న జంతువులతో వ్యాపారం నేరం. పాము విషం తియ్యడం, అమ్మడం కూడా లైసెన్సు లేకుండా చెయ్యకూడదని చట్టంలో ప్రత్యేకంగా రాశారు.

మరి మందుకి విషం ఎక్కణ్నించి వస్తుందంటారా? చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది, 1978లో మొదలైంది. అంతకుముందు వాళ్లు పాము చర్మాల కోసం పాముల్ని పట్టి బతికేవాళ్లు. 1972 చట్టంతో ఆ పని ఆగిపోయింది. తర్వాత ప్రభుత్వ అనుమతితో తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటినే పట్టి, కొన్ని వారాలుంచి, విషం తీసుకుని మళ్లీ వదిలేస్తారు. తరతరాలుగా పాము తప్ప ఇంకో పని తెలియని వాళ్లకే ఇన్ని షరతులున్నాయి. యూట్యూబ్ చూసి పెట్టుబడి పెట్టబోయే తమ్ముళ్లు ఇక్కడ ఆగితే మంచిది.

అలాగే రెండుతలల పాముకి లక్షలు, కోట్లు ఇస్తారని ఎవరైనా మీ ఇంటికొస్తే, అది పచ్చి మోసం. దానికున్నది ఒక్క తలే, తోక మొద్దుగా ఉంటుందంతే. డబ్బు వాడు పట్టుకుపోతాడు, కేసు మీ మీద పడుతుంది.

విదేశీ బల్లులు, కొండచిలువల సంగతి

పట్నాల్లో చదువుకునే మన పిల్లలు కొంతమంది ఇగువానా, బాల్ పైథాన్ లాంటివి పెంచుతున్నారు. వీటికి దారి వేరు. 2020 జూన్లో కేంద్రం ఒక అవకాశం ఇచ్చింది, ఆరు నెలల్లోపు స్వచ్ఛందంగా చెబితే ఎక్కణ్నుంచి తెచ్చారన్న పత్రాలు అడగమని. ఆ గడువు అయిపోయింది. 2022 సవరణ తర్వాత సైటిస్ జాబితాలో ఉన్న జాతులన్నీ మన చట్టం నాలుగో షెడ్యూల్లోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరి 28న వీటి రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. అప్పటికే ఉన్నవాళ్లకి ఆరు నెలల గడువిచ్చారు. కొత్తగా తెచ్చుకునేవాళ్లు 30 రోజుల్లోపు పరివేష్ పోర్టల్లో దరఖాస్తు చెయ్యాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజెయ్యాలి. ఇగువానా, బాల్ పైథాన్, ఆఫ్రికా నుంచి వచ్చే పెద్ద సల్కాటా తాబేలు ఈ కోవలోవే. షాపువాడు "మన దేశానిది కాదు కాబట్టి ఏ కాయితం అక్కర్లేదు" అంటే నమ్మకండి. బిల్లు, రిజిస్ట్రేషన్ రెండూ చూపించమనండి. లేవంటే తిరిగొచ్చెయ్యండి.

మరి మా చేలో ఎలా?

ఇప్పుడు అసలు పని. గోదాములో తెచ్చి వదిలిన జెర్రిపోతు అక్కడ ఉండదండి. దానికి తెలియని చోటు కాబట్టి ఆ రాత్రే దారి చూసుకుంటుంది, లేదా ఎవరి కర్రకో బలవుతుంది. అది తనంతట తాను వచ్చి ఉండేలా చెయ్యాలంటే చేలో నాలుగు పనులు చాలు. ఇవన్నీ వీడియోలో చూపించినవే.

ఒకటి, ఎలుకల మందు మానడం. బ్రోమోడయోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబకి, పాముకి ఆ మందు ఎక్కుతుంది. ఎలుకలు మళ్లీ నెలల్లో పెరిగిపోతాయి, వాటిని తినేవి అంత తొందరగా పెరగవు. మేం బుట్టలు పెట్టిస్తాం, ఊడ్పులకి ముందు గట్లు చెక్కి కన్నాలు మూస్తాం.

రెండు, ఒక గట్టుని వదిలెయ్యడం. అన్ని గట్లకీ కలుపు మందు కొట్టకుండా, చేను చివర ఒక గట్టు మీద గడ్డి, పొదలు ఉండనిస్తాం. కొబ్బరి మట్టలు, డొక్కలు అక్కడ కుప్ప వేస్తాం. ఇంటికి మాత్రం అది దూరంగా ఉండాలి. పాముకి చేలో చోటిస్తే ఇంటివైపు రావాల్సిన అవసరం తగ్గుతుంది.

మూడు, నైలాన్ వలలు. కూరమళ్ల చుట్టూ, కోళ్ల చుట్టూ కట్టిన పాత చేపల వలల్లో చిక్కుకుని చచ్చే జెర్రిపోతులు ఎన్నో. కింద అడుగున్నర మేర వల తీసేసి తాటాకు దడి కడితే కోడీ ఉంటుంది, పామూ ఉంటుంది.

నాలుగు, కోత. మిషను నాలుగు వైపుల నుంచీ చుట్టి రాకుండా ఒక పక్క నుంచి మొదలుపెట్టి పొదల గట్టువైపు కోసుకుంటూ వెళ్తే లోపలున్న జీవాలకి పోయే దారి దొరుకుతుంది. కోత అయ్యాక గడ్డి తగలబెట్టకండి. ఆచ్ఛాదనకి పనికొచ్చే గడ్డితోపాటు ఈ నేస్తాలు కూడా కాలిపోతాయి.

గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలి. జెర్రిపోతుకి పడగ ఉండదు, కళ్లు పెద్దవి, పెదవుల మీద నల్లటి గీతలుంటాయి. జెర్రిపోతు, తాచు జతకడతాయన్నది నిజం కాదు. రెండు పాములు మెలితిరిగి నిలబడటం చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల కుస్తీ.

భయాన్ని కొట్టిపారెయ్యలేం

ఇంత చెప్పినా "మీరు చెప్పడం బాగానే ఉంది, కరిస్తే ఎవరొస్తారు?" అంటారు మా పెదనాన్న గారు. ఆ మాట న్యాయమే. 2000 నుంచి 2019 వరకూ మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయేది ఎక్కువగా మనలాంటి పొలం మనుషులే. అందుకే పాముని ప్రేమించమని నేను చెప్పను, జాగ్రత్తగా పక్కన ఉండనివ్వమంటాను.

రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్తే టార్చిలైటు, మోకాలి దాకా బూట్లు తప్పనిసరి. గడ్డిమేట్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి. కింద పడుకోకూడదు, తప్పదంటే దోమతెర అంచులు చాప కిందికి దోపుకోవాలి. కట్లపాము కాటు చాలాసార్లు నిద్రలోనే పడుతుంది, నొప్పి కూడా పెద్దగా తెలీదు.

కాటు పడితే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, పసరు పెట్టొద్దు, పాముని పట్టుకెళ్లాలని వెతకొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

ఇంట్లోకి పాము వస్తే పిల్లల్ని, పశువుల్ని దూరం జరిపి, అది ఎటు వెళ్తుందో దూరం నుంచి చూస్తూ అటవీ సిబ్బందికి చెప్పండి. పట్టే మనిషి వస్తే ఆయన అటవీ శాఖకి తెలిసినవాడో కాదో కనుక్కోండి. పట్టాక సీసాలో పెట్టి ఊరంతా తిప్పి ఫొటోలు దిగడం కూడా మంచిది కాదు, ఆ ఫొటోలే రేపు కేసుకి సాక్ష్యం అవుతాయి.

మీ ఊరికి వచ్చే అటవీ రేంజి కార్యాలయం ఫోన్ నంబరు ఈ రోజే కనుక్కుని గోదాము తలుపు మీద రాసి పెట్టుకోండి. మా గోదాము మీద సుద్దతో రాసి ఉంది, వీడియో చివర్లో కనపడుతుంది. వచ్చే వీడియోలో గుడ్లగూబలు వాలడానికి చేలో కర్ర స్టాండ్లు ఎక్కడెక్కడ పాతాలో చూపిస్తాను. సార్వా ఊడ్పుల లోపే పెట్టేస్తే మంచిది.